దోస్తు ఉరుకుతుంటే మునగాల కాడ నిలబడండి

ఈ పోస్టు ఉరికేవాళ్ల కోసం కాదు. ఉరికే దోస్తు ఉండి, తాము మాత్రం ఉరకనివాళ్ల కోసం. అంటే మనలో ఎక్కువ మంది కోసం.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కు ఇప్పుడు పొద్దుగాల నాలుగున్నర, ఐదింటికి బయటికి వస్తే ఉరికేవాళ్లు కనపడుతున్నారు. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు ఒక రకం. షుగర్ ఉందని డాక్టర్ చెప్తే నడక మొదలుపెట్టి, ఆ నడక కాస్తా ఉరుకుడు దాకా వచ్చిన నలభై దాటినోళ్లు ఇంకో రకం. కొందరు కాలేజీ గ్రౌండ్‌లో, కొందరు సాగర్ ఎడమ కాలువ కట్ట మీద, ఏ గ్రౌండూ దగ్గర లేనోళ్లు హైవే పక్క సర్వీసు రోడ్డు మీద. వీళ్లలో ఒకరో ఇద్దరో ఆగస్టు చివర్ల జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇస్తున్నారు. పేరు ఇచ్చినోడు మన దోస్తే అయితే మనం చేసేది ఏంది? వాట్సాప్‌లో "ఆల్ ది బెస్ట్ రా" అని ఒక బొటనవేలు బొమ్మ పెడతాం. మధ్యాహ్నం మెడల్ వేసుకున్న ఫోటో వస్తే ఇంకో బొమ్మ పెడతాం. ఆ రెండు బొమ్మల నడుమ వాడికి ఏమైందో మనకు తెల్వదు.

నేను చెప్పొచ్చేది ఒక్కటే. పోవాలి. పోయి రోడ్డు పక్కన నిలబడాలి. అదీ మొదలు కాడ కాదు, ఆఖరు కాడ కాదు. మునగాల కాడ నిలబడాలి.

హైదరాబాద్ పరుగుకు మునగాల ఏందని అడుగుతారు కదా. చెప్తా.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్స్ జరిగినప్పుడు విండ్సర్ కోట కాడ మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ఆపారు. అట్లా వచ్చిన దూరం అది. 1921లో దాన్నే ఖాయం చేశారు. కానీ అంకె చెప్తే దూరం మన మనసుకు అందదు. సూర్యాపేట నుంచి కోదాడ అంటే అందుతుంది. 65వ నంబరు హైవే మీద ఆ రెండూళ్ల నడుమ ఉన్న దూరం రమారమి అంతే. బస్సులో ఒక చిన్న కునుకు తీస్తే అయిపోయే తొవ్వ. కిటికీ పక్కన కూసొని ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. ఈసారి పోయేటప్పుడు కునుకు తీయకుండా బయటికి చూడండి. ఆ రోడ్డంతా కాళ్ల మీద, ఆగకుండా పోవాలని అనుకోండి. అప్పుడు తెలుస్తుంది మీ దోస్తు ఏం పని పెట్టుకున్నాడో.

ఇప్పుడు వాడిని సూర్యాపేటలో వదిలిపెడదాం. దురాజ్‌పల్లి కాడ, పెద్దగట్టు కనపడే చోట, వాడు నవ్వుకుంటనే పోతుంటాడు. ముందు మంది, వెనుక మంది, అందరిలో హుషారు. సగం దూరానికి బనీను తడిసి ఒంటికి అంటుకుంటుంది. అయినా పక్కనోడితో రెండు ముక్కలు మాట్లాడే ఊపిరి ఉంటుంది. అసలు సంగతి 30 కిలోమీటర్లు దాటినంక మొదలవుతుంది. మన తొవ్వ మీద లెక్కేస్తే అది మునగాలకు అటూ ఇటూ. ఉరికేవాళ్లు దాన్ని 'గోడ' అంటారు. ఉరుకుతున్న మనిషికి ఎదురుగా గోడ లేచినట్టు ఉంటుందట.

అది మాటవరసకు అన్నది కాదు, ఒంట్లో జరిగే పని. మనం తిన్న అన్నం, రొట్టె కరిగి కండల్లో, కాలేయంలో కొంత నిలవ ఉంటుంది. గట్టిగా ఉరికితే ఆ నిలవ సుమారు 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. తర్వాత ఒళ్లు కొవ్వు మీద ఆధారపడాలి. కొవ్వుకు కొదువ లేదు కానీ అది తడి కట్టె లాంటిది, మండుతుంది గానీ మంట నిదానం. కాళ్లు బరువెక్కుతాయి. పిక్కలు పట్టేస్తాయి. అన్నిటికంటే ముందు మనసు బేరం మొదలుపెడుతుంది. 'ఎవరి కోసం ఇదంతా? నిన్ను ఎవరు అడిగిండ్రు? ఆ చెట్టు కింద కూసుంటే ఏమైతది?' ఇంకా 12 కిలోమీటర్లు మిగిలి ఉంటాయి. మునగాల నుంచి కోదాడ. బండి మీద పావుగంట. ఆ మనిషికి గంటన్నర, ఒక్కోసారి రెండు గంటలు.

ఆ జాగలో ఎవరుంటారు? మొదలు కాడ చూడండి, నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో మైకులు, లైట్లు, డ్యాన్సులు. ఆఖరు కాడ గచ్చిబౌలి స్టేడియంలో పెండ్లాం పిల్లలు, కెమెరాలు, మెడళ్లు. నడుమ ఉండేది నీళ్ల గ్లాసులు అందించే వలంటీర్లు, ట్రాఫిక్ పోలీసులు, రోడ్డు ఆపినందుకు హారన్ కొట్టే బండ్లు. ఎవరి మనిషి వాళ్లకు అవసరమైన చోట ఎవరి మనిషీ ఉండడు.

వ్యవసాయం చేసేవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. విత్తనం కొనేనాడు డీలర్ కుర్చీ వేసి చాయ్ తెప్పిస్తాడు. కోతనాడు మిషనోడు, బేరగాడు, మిల్లోడు అందరూ చేను కాడికే వస్తారు. నడుమ నెలల్లో తెగులు తగిలినప్పుడు, కాలువ నీళ్లు టెయిల్ ఎండ్ దాకా రానప్పుడు, గట్టు మీదికొచ్చి "ఎట్లుందే పంట?" అని అడిగిన మనిషి ఎంత మంది? ఆ మనిషి మందు కొట్టడు, నీళ్లు పెట్టడు. అయినా ఆ మనిషి వచ్చిపోయిన రోజు చేన్లో ఇంకో గంట ఎక్కువ ఉంటాం. అది మనకు తెలిసిన ముచ్చటే.

"మనం పోయి నిలబడితే వాడి కాళ్లకు బలం వస్తదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2014లో బయటికి వచ్చిన ఒక పరిశోధన ఉంది. కొంతమందిని కూర్చోబెట్టి, ఇక చాతకాదు అనేదాకా సైకిల్ తొక్కించారు. ఎదురుగా తెర మీద ముఖాల బొమ్మలు, కన్ను పట్టుకోలేనంత వేగంగా, రెప్పపాటులో వేసి తీశారు. నవ్వే ముఖాలు వేసినప్పుడు అదే మనుషులు ఏడుపు ముఖాలప్పటి కంటే ఎక్కువసేపు తొక్కారు. చూసినట్టు వాళ్లకే తెలియని నవ్వు అంత పని చేసింది. అది చిన్న పరిశోధన, పదమూడు మంది మీద చేసింది, దాన్ని పట్టుకొని అన్నీ తేల్చలేం. కానీ తెలియని ముఖమే అంత చేస్తే, చిన్నప్పటి నుంచి తెలిసిన ముఖం రోడ్డు పక్కన కనపడితే ఏం చేస్తుందో ఆలోచించండి.

నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి చెప్తా. నాకు మిర్యాలగూడలో ఒక దోస్తు ఉన్నాడు. రైస్ మిల్లులో డ్రయ్యర్ కాడ పని. రాత్రి డ్యూటీ దిగి, ఊక దుమ్ము కడుక్కొని, ఇంటికి పోకుండా కాలువ కట్ట ఎక్కేవాడు. రెండేండ్లు అట్లా ఉరికి మారథాన్‌కు పేరు ఇచ్చాడు. నేనూ, సూర్యాపేట దోస్తు ఒకడూ కలిసి పోయాం. 31 కిలోమీటర్ల కాడ ఒక ఎత్తు ఎక్కే చోటు చూసుకొని నిలబడ్డాం. లెక్క ప్రకారం రావాల్సిన టైమ్ దాటి ఇరవై నిమిషాలైంది. వచ్చేవాళ్ల ముఖాలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. చెమట ఆరి ఉప్పు తెల్లగా పేరుకొని, కండ్లు రోడ్డుకు అతుక్కొని. వాడు కనపడ్డాడు. ఉరుకుతలేడు, నడుస్తుండు. నడక కూడా మా వాడి నడక లెక్క లేదు. సూర్యాపేటోడు రెండు చేతులు నోటికి అడ్డం పెట్టి గట్టిగా అరిచిండు: "ఏ డ్రయ్యర్! నువ్వే ఆరిపోయినవేందిరా!"

వాడు తల ఎత్తి చూశాడు. నవ్వొచ్చింది వాడికి. ఆగలేదు, మాట్లాడలేదు, చేయి ఒకసారి ఊపి మెల్లగా ఉరుకుడు అందుకున్నాడు. మా ముందు నుంచి పోయింది ఇరవై సెకన్లు ఉంటుందేమో. రాత్రి బస్సు, పొద్దటి ఆటో, మూడు గంటలు నిలబడుడు, అంతా ఆ ఇరవై సెకన్ల కోసమే. 5 గంటల 24 నిమిషాలకు ముగించాడు. తర్వాత టిఫిన్ చేసేటప్పుడు వాడన్న మాట ఇది: "ఆడ కూసుందామని జాగ చూసుకుంటున్న. మీరు నిలబడ్డ జాగే చూసుకున్న. మీరు ఉన్నరు, ఇగ ఏడ కూసోవాలె?"

కూసునే జాగలో మనం నిలబడి ఉండుడు. నా దృష్టిలో చూడపోయినోడి పని అదే.

ఇక ఆ పని ఎట్లా చేయాలో నాలుగు ముక్కలు. ఉత్తగా పోతే ఎక్కడ నిలబడాలో తెలియక వెతుక్కుంటనే పొద్దు పోతుంది.

ముందు లెక్క. దోస్తును కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పడుతుందో అడగండి. ఏడు నిమిషాలంటే 30 కిలోమీటర్ల కాడికి మూడున్నర గంటలు, మొత్తం దూరానికి ఐదు గంటలకు ఐదు నిమిషాలు తక్కువ. ఎనిమిది నిమిషాలంటే 30కి నాలుగు గంటలు, మొత్తానికి ఐదు గంటల నలభై నిమిషాల లోపు. మొదలయ్యే టైమ్‌కు ఇది కలుపుకోండి, పైన అర్ధగంట వదులుకోండి. ఆ రోజు ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి బండి వేసుకొని పది చోట్ల చూద్దామని ఆశపడొద్దు. ఒక్క చోటు పెట్టుకోండి. చాతనైతే రెండు. ఏ చోటో, రోడ్డుకు ఏ పక్కనో ముందు రోజే వాడికి చెప్పండి. 'ఎడమ పక్క, ఎర్ర తువ్వాల ఊపుతా' అని చెప్పినా చాలు. వాడు 25 కాడి నుంచే ఆ తువ్వాల కోసం చూసుకుంటూ వస్తాడు. ఆ చూసుకునే ఐదు కిలోమీటర్లు కూడా మీరు ఇచ్చినవే.

రెండోది మాట. 30 కాడ నిలబడి "అయిపోయింది రా, ఇంక కొంచెమే" అనొద్దు. అది కొంచెం కాదు, ఆ సంగతి వాడికి మీకంటే బాగా తెలుసు. అబద్ధం విన్నట్టుంటుంది. కనపడేది చెప్పండి. "మంచిగ పోతున్నవ్", "భుజాలు వదులు చేయ్", "ఎత్తు అయిపోయింది, ఇగ దిగుడే". ఎత్తు నిజంగా అయిపోతేనే. పేరు పెట్టి పిలవండి. చిన్నప్పటి పేరుంటే ఇంకా మంచిది. మీ దోస్తు రావడానికి ముందూ తర్వాతా వందల మంది పోతారు. వాళ్లకూ చప్పట్లు కొట్టండి. వాళ్ల దోస్తులు ఎవరూ వచ్చి ఉండరు.

అరవడానికి సిగ్గు పడేవాళ్లకు ఒకటే మాట. రెండేండ్లకోసారి దురాజ్‌పల్లి జాతరకు పోయి "ఓ లింగా" అని గొంతు చించుకునే మనుషులం మనం. భేరీలు, గజ్జెల లాగులు, తల మీద గంపతో గట్టు ఎక్కే జనం, వాళ్లకు తొవ్వ ఇచ్చి వెనుక నుంచి కేకలు వేసే జనం. ఎత్తు ఎక్కే మనిషికి ఊపు ఎట్లా ఇవ్వాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక డప్పు పట్టుకపోండి. విజిల్ కంటే, ప్లాస్టిక్ బూర కంటే డప్పు దెబ్బకు కాలు దానంతట అదే లేస్తుంది.

మూడోది చేయి. గొంతు ఎంత పెట్టినా సరే, చేయి మాత్రం పెట్టొద్దు. 1908 లండన్ పరుగులో ఇటలీ మనిషి డొరాండో పియెత్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చాడు. తూలి, దారి తప్పి, మళ్లీ మళ్లీ పడిపోయాడు. అక్కడి అధికారులు చూడలేక లేపి నిలబెట్టి గీత దాటించారు. జాలితో చేసిన పనే. కానీ ఆ సాయం వల్లనే అతని గెలుపు చెల్లదన్నారు, బంగారు పతకం వెనుక వచ్చిన అమెరికా మనిషి జానీ హేస్‌కు పోయింది. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవాళ్లకు మారథాన్ పెట్టారు. స్విట్జర్లాండ్ తరఫున ఉరికిన గాబ్రియేలా ఆండర్సన్ ఆఖరు చుట్టులో ఒక పక్కకు ఒరిగిపోయి, కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది. డాక్టర్లు పక్కనే నడిచారు, ఆమె వద్దని తప్పుకుంది. ఒంటికి చెమట పడుతున్నదని గమనించి వాళ్లు ముట్టుకోలేదు. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 37వ స్థానంలో తన కాళ్ల మీద తనే గీత దాటింది. చూసేవాళ్ల పని ఎంతవరకో ఈ రెండు పరుగులు చూపిస్తాయి.

చూసేవాళ్లలో చెడ్డోళ్లూ ఉంటారు, అదీ చెప్పుకోవాలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బ్రెజిల్ మనిషి వాండర్లీ డి లిమా ముందు పోతుంటే, ఇంకా కొద్ది కిలోమీటర్లే ఉందనగా జనంలో నుంచి ఒకడు దూకి అతన్ని పక్కకు నెట్టేశాడు. అదే జనంలో నుంచి ఇంకో మనిషి వచ్చి విడిపించి మళ్లీ రోడ్డెక్కించాడు. మూడో స్థానంలో వచ్చి నవ్వుకుంటూ, చేతులు చాపుకుంటూ గీత దాటాడు డి లిమా. నెట్టినోడూ చూడ వచ్చినోడే, విడిపించినోడూ చూడ వచ్చినోడే.

నాలుగోది పైలం. మనకు ప్రేమ ఎక్కువైతే నీళ్లు తాగు, ఇంకా తాగు అని బలవంతం చేస్తాం. వద్దు. వరికి నీళ్లు కావాలని మిర్చికీ అన్నే పెడితే ఏమైతదో మనకు తెలుసు. ఉరికే మనిషి దాహాన్ని మించి నీళ్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే వందకు 13 మందిలో ఆ తేడా కనపడింది. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. దాహమైతే తాగుతాడు, మీరు గ్లాసు పట్టుకొని వెంటపడొద్దు.

ఎండదెబ్బ సంగతి వేరు. ఆగస్టులో మబ్బు పట్టినా ఉక్కపోత ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మీ దోస్తు పేరు అడిగితే తికమకగా చెప్తున్నా, తాగినోడి లెక్క తూలుతున్నా, పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా అది అలసట కాదు. చెమట పడుతున్నది కదా, ఏం కాదులే అనుకోవద్దు. ఉరికి ఉరికి వచ్చే ఎండదెబ్బలో చెమట పట్టొచ్చు కూడా. అప్పుడు పందెం లేదు, మెడల్ లేదు, ఇందాక చెప్పిన 'చేయి పెట్టొద్దు' కూడా లేదు. నీడకు తీసి, వలంటీర్‌ను కేకేసి, దొరికిన నీళ్లన్నీ, ఐస్ ఉంటే ఐస్, ఒంటి మీద పోసి చల్లార్చాలి. 108కి ఫోన్ కొట్టాలి. బండి వచ్చేదాకా చల్లార్చుడు ఆపొద్దు. వేల మందిలో ఆ మనిషి మామూలుగా ఎట్లా మాట్లాడతాడో తెలిసినోళ్లు మీరే. తేడా ముందు పట్టేది మీరే.

ఇప్పుడు మన ఊర్ల సంగతికి వస్తా. ఇక్కడ ఉరికేవాళ్లను మనం చూడమని కాదు. చూస్తాం. కానీ ఎట్లా చూస్తాం? "ఎవడు తరుముతుండ్రా?" అని అడుగుతాం. "ఈ వయసులో అవసరమా?" అంటాం. ఆడపిల్ల ఉరికితే ఇంకా చెప్పక్కర్లేదు. చాయ్ హోటల్ కాడ కూసున్న నాలుగు జతల కండ్లు ఆ పిల్ల వెంట మలుపు దాకా పోతాయి. 2022 పోలీసు నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు ఉరుకుడు పెట్టారు. ఆ 800 మీటర్లు నేర్చుకోవడానికి ఒక అమ్మాయి చీకట్లో తండ్రినో తమ్ముడినో వెంట పెట్టుకొని రావాల్సి వస్తున్నదంటే, అది ఆమె కాళ్ల లోపం కాదు, మన కండ్ల లోపం. 1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ నంబరు కట్టుకొని ఉరుకుతుంటే ఒక అధికారి రోడ్డు మీదికి వచ్చి ఆ నంబరు చింపబోయాడు. మనం చింపం. ఊరికే చూస్తాం. ఆ చూపుకే పిల్లలు పరుగు మానుకుంటారు. చప్పట్లు కొట్టే చూపుకూ, గుచ్చే చూపుకూ తేడా చూసేవాళ్లకు తెలియదేమో గానీ ఉరికేవాళ్లకు అడుగడుగునా తెలుస్తుంది.

మనది ఆట చూడని ప్రాంతం కాదు. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే రోజు జనం బరువుకు గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ సాయంత్రం గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉలిక్కిపడతారు. పక్క పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చిన జనం అది. చూడాలనే ఆశ మనకు అంత ఉంది. ఆ ఆశకు భద్రంగా నిలబడే జాగ ఇవ్వాల్సింది ఆట పెట్టేవాళ్లు. దూరపు పరుగులో ఉన్న సుఖం ఏందంటే దానికి గ్యాలరీ అక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. రోడ్డు అంచే గ్యాలరీ.

అందుకే నాది ఇంకో మాట. మన దిక్కు ఏ దినమైనా, ఏ వారోత్సవమైనా 2కె రన్ పెడతారు. జెండా ఊపుతారు, బ్యానర్ పట్టుకుంటారు, ఫోటో దిగుతారు, అరగంటలో అందరూ ఇంట్లో ఉంటారు. తప్పు లేదు. కానీ అది ఫోటో కోసం పెట్టిన పరుగు. ఏడాదికి ఒక్కసారి, చలికాలంలో ఒక ఆదివారం, తెల్లవారుజామున, 10 కిలోమీటర్లో 21 కిలోమీటర్లో నిజమైన పరుగు ఈ మూడు ఊర్లలో ఏదో ఒక చోట పెట్టండి. హైవే మీద వద్దు. లారీల రోడ్డు మీద మనుషులను ఉరికించడం పాపం. కాలువ కట్ట ఉంది, ఊర్ల నడుమ రోడ్లు ఉన్నాయి. తొవ్వలో తగిలే ప్రతి ఊరి వాళ్లు తమ ఊరి ముందర నిలబడాలి. ఒక ఊరు డప్పు కొట్టాలి, ఒక ఊరు మజ్జిగ పోయాలి, ఒక బడి పిల్లలు వరసగా నిలబడి చేతులు చాపాలి. ఒక్కసారి అట్లా ఉరికిన పిల్లను చాయ్ హోటల్ కాడ మళ్లీ ఎవడూ గుచ్చి చూడడు. వాడు కూడా ఆ రోజు చప్పట్లు కొట్టి ఉంటాడు కాబట్టి.

"ఆగస్టులో నాట్లు, కలుపు, యూరియా లైన్లు. మాకు హైదరాబాద్ పోయే తీరిక ఎక్కడిది?" అనేవాళ్లకు. నిజమే. నాట్ల కూలీలను మాట్లాడుకున్న రోజైతే పోవద్దు, పోలేరు. కానీ పెండ్లికి పోతాం, దినానికి పోతాం, మీటింగుకు లారీ ఎక్కి పోతాం. ఇది శనివారం రాత్రి బస్సెక్కితే ఆదివారం సాయంత్రానికి ఇంటికి చేరే పని. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడోళ్లకు టికెట్ కూడా లేదు, వాడి ఇంటామెను, వాళ్లమ్మను వెంట తీసుకపోండి. ఇంట్లోవాళ్లకు వాడు పొద్దుగాల ఎక్కడికి పోతాడో తెలుసు గానీ ఏం చేస్తాడో ఎన్నడూ చూసి ఉండరు. అసలే పోలేకపోతే ముందు రోజు రాత్రి ఒక ఫోన్ చేయండి. "30 కాడ నేను ఉన్న అనుకో" అని చెప్పండి. వాట్సాప్ బొమ్మ కంటే అది నయం.

ఇంకొక్క అనుమానం ఉంటది. "వాడు గెలిచేదుందా, ఏమన్నా?" అని. గెలవడు. వేల మందిలో ముందు వచ్చేది పది మంది, వాళ్ల కోసం టీవీలు ఉన్నాయి. మన దోస్తు వెయ్యోవాడో రెండు వేలవాడో వస్తాడు. గెలిచేవాడైతే మనం పోకపోయినా నడుస్తుంది.

మీ ఊర్లో, మీ బడి బ్యాచ్‌లో, మీ మిల్లులో, మీ సొసైటీలో ఉరికేవాళ్లు ఎవరున్నారో ఈ వారం కనుక్కోండి. ఏ పరుగుకు పేరు ఇచ్చారో, ఏ తారీఖో, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలో అడిగి రాసి పెట్టుకోండి. ఎర్ర తువ్వాల అందరి ఇంట్లో ఉన్నదే.